పేరు, వేలిముద్ర పొసగలేదు

జూన్ 2

తిరిగొచ్చిన ప్రతి పత్రానికీ కారణం రాసిపెట్టమని సంఘం నాకు ఈ పుస్తకం ఇచ్చింది. ఉప్పెన తర్వాత ఇళ్ల కోసం ఎత్తుచేసిన మెరకల్లో ఆరోదాని మంచినీటి సంఘానికి నేను దస్తావేజు లేఖరిని. పేరు ఎస్తేరు. సంఘం ఎవరికైనా సామాను అప్పుగా ఇస్తే, దాని మీద తాకట్టు హక్కు మాదేనని రాష్ట్ర నమోదు కచేరీలో పత్రం ఎక్కించడం నా పని.

ఈ మధ్యాహ్నం సరుకుల పడవలో కొత్త తీపి యంత్రం దిగింది. ఉప్పునీళ్లు ఒకవైపు పోస్తే రెండోవైపు మంచినీళ్లు వస్తాయి. పడమటి వరుసలో రెండు వందల పన్నెండు ఇళ్లకు ఇదే ఆధారం. పాతది మార్చిలో ఆగిపోయింది. అప్పటినుంచి ఆ వరుస ఆడవాళ్లు పడవేసుకుని నాలుగో మెరకకు వెళ్లి బిందెలు నింపుకొస్తున్నారు. పోయిన నెల ఆ దారిలో పడవ తిరగబడి ఇద్దరు పోయారు.

యంత్రం తీసుకున్నది కొక్కిలిగడ్డ పెద నాంచారమ్మ. నలభై దాటిన మనిషి, తక్కువ మాటలు. పాత యంత్రాన్ని పదకొండేళ్లు నడిపింది ఆవిడే. నేను అక్కా అంటాను. కూతురు లీల మెరక ఆసుపత్రిలో నర్సు.

ఒక చిక్కు ఉంది. మూడేళ్ల కిందట నాంచారక్క పీతల మేత కోసం పై ఊరి కంపెనీ దగ్గర అప్పు చేసింది. పీతలు చచ్చాయి, అప్పు తీరలేదు. ఆ కంపెనీ కచేరీలో ఎక్కించుకున్న పత్రంలో 'ఇప్పుడున్నవీ, ఇకముందు రాబోయేవీ సమస్తం' అని ఉంది. అంటే ఈ యంత్రం కూడా వాళ్లదే అవుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. యంత్రం చేతికొచ్చిన ఇరవై రోజుల్లో మా పత్రం ఎక్కితే, యంత్రం వరకు మా హక్కే ముందు. లేకపోతే వాళ్లు వచ్చి ఊడబీక్కుపోతారు. పోయిన ఏడాది రెండో మెరకలో అలాగే తీసుకుపోయారు.

ఇరవయ్యో రోజు జూన్ 22.

జూన్ 5

మొదటిసారి తిరిగొచ్చింది. కారణం: 'సామగ్రి సంఖ్య ఆమోదించిన జాబితాలో లేదు.'

కరెంటు చాలక టవరు సిగ్నలు పొద్దున రెండు గంటలే ఉంటుంది. ఆ రెండు గంటల్లోనే పంపాలి, ఆ రెండు గంటల్లోనే జవాబు అందుకోవాలి. ఒక్క తప్పుకు కనీసం రెండు రోజులు పోతాయి.

వెళ్లి చూస్తే తప్పు నాదే. యంత్రం మాకు కొత్తే కానీ వాడినదే, మరోచోటి నుంచి తెచ్చింది. ఇత్తడి పలక మీద అంకెలు చిలుమెక్కి ఉన్నాయి. ఎనిమిదిని మూడు అని రాశాను. నాంచారక్క చింతపండు నానబెట్టి తెచ్చి, పలకను మెల్లగా తోమింది. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. నేను చదువుతుంటే ఆవిడ, ఆవిడ చదువుతుంటే నేను, రెండుసార్లు సరిచూసుకున్నాం.

జూన్ 8

రెండోసారి తిరిగొచ్చింది. కారణం: 'భూమికి బిగించిన సామగ్రి. భూముల కచేరీలో దాఖలు చేయవలెను.'

'సిమెంటు దిమ్మెకు బిగించిన యంత్రం' అని రాశాను. అది నిజమే, కానీ ఆ దిమ్మె నేల మీద లేదు, తేలే బల్ల మీద ఉంది. పోటు వస్తే బల్లా, దిమ్మే, యంత్రమూ అన్నీ లేస్తాయి. మెరక మీద పుట్టి పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కచేరీలో ఉన్న సరిచూపు యంత్రానికి చెప్పాలి. ఈ జనవరి నుంచి అక్కడ మనుషులు పత్రాలు చదవడం మానేశారు. అంతా సరిచూపే చూస్తుంది.

'తేలే బల్లపై అమర్చిన, కదిలించదగిన' అని మార్చి పంపాను.

జూన్ 11

మూడోసారి. కారణం: 'పేరు, వేలిముద్ర పొసగలేదు.'

ఇది కొత్త కాదు. పీతలు ఒలిచేవాళ్ల వేళ్లు అరిగిపోతాయి. నాంచారక్కను పిలిచి గోరువెచ్చని నీళ్లలో వేలు నానబెట్టించి, కొబ్బరినూనె రాసి, తుడిచి మళ్లీ ముద్ర వేయించాను. గీతలు చక్కగా పడ్డాయి.

"ఇట్టా ఎందుకు అడుగుతుందే అది? పోయినసారి కార్డు చూపిస్తే సరిపోయింది కదా?" అంది.

"ఇప్పుడు కార్డు చాలదక్కా. ఉప్పెనకు ముందు తీసుకున్న ముద్రలన్నీ దానికిచ్చారు. వాటితో పోల్చి చూసుద్ది."

ఆవిడ వేలు తుడుచుకుంటూ ఆగిపోయింది. "ముందువి కూడానా?" అంది. అవునన్నాను. వెళ్లేటప్పుడు చెప్పులు మరిచిపోయింది.

జూన్ 13

నాలుగోసారి. కారణం చదివి, కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

'ఈ వేలిముద్ర తమ్ము చిన నాంచారమ్మది. మృతుల జాబితా, ఉప్పెన సంవత్సరం.'

మా వైపు ఒకే దేవత పేరు ఇద్దరు కూతుళ్లకు పెట్టడం ఉంది. పెద్దదానికి పెద, చిన్నదానికి చిన. పెళ్లయితే ఇంటిపేరు ఎలాగూ మారుతుంది. యంత్రం అక్కాచెల్లెళ్ల ముద్రలు కలగలిపిందనుకున్నాను. ఆ మాటే చెప్పి, ఫిర్యాదు రాద్దామని నాంచారక్క ఇంటికి వెళ్లాను. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. లీల డ్యూటీకి వెళ్లింది.

"అక్కా, మీకు చెల్లెలు ఉండేదా?"

పొయ్యి మీద అన్నం అడుగంటుతున్నా ఆవిడ లేవలేదు. నేనే దించాను.

"రేపు వస్తా నీ దగ్గరకి," అంది చివరికి.

జూన్ 14

సిగ్నలు వేళ అయిపోయాక వచ్చింది. తలుపు తనే వేసింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. రాసుకోమని ఆవిడే అంది.

"నాకు చెల్లెలు లేదు ఎస్తేరూ. నాకు అక్క ఉండేది. పెద నాంచారమ్మ మా అక్క. నేను చిన నాంచారమ్మని."

ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకు పంతొమ్మిదేళ్లు. అక్క భర్త అంతకు ముందే వేటకు వెళ్లి తిరిగిరాలేదు. అక్కా, చెల్లీ, పదకొండు నెలల లీల, ముగ్గురూ వంతెన ఎక్కి బతికారు. వంతెన మీద వేలమంది. రెండో రోజుకే అక్కకు జ్వరం, మూడో రోజు తెల్లారేసరికి పోయింది. పూడ్చడానికి నేల లేదు. చీరలో చుట్టి నీళ్లలోకే వదిలారు.

"ఆ మధ్యాహ్నమే లెక్కలోళ్లు వచ్చారు. బిడ్డలున్న విధవరాళ్లకి మెరక మీద ఇల్లు. పెళ్లికాని ఆడపిల్లల్ని పై ఊళ్లకి పనికి పంపిస్తారు. తల్లీతండ్రీ లేని పిల్లల్ని ఆశ్రమానికి. లీల నా ఒళ్లో నిద్రపోతా ఉంది. ఈ పిల్ల తల్లెవరు అన్నాడు. నేనే అన్నా. కార్డు అడిగితే అక్క కొంగులోంచి తీసి దాచిన కార్డు ఇచ్చా. ఇంకెవరన్నా పోయారా మీ ఇంట్లో అన్నాడు."

ఇక్కడ కొంగు ముడి విప్పి మళ్లీ వేసుకుంది.

"మా చెల్లెలు కొట్టుకుపోయింది అన్నా. పేరు చెప్పా. నా చావు నేనే రాయించా."

లీలకు తెలుసా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

ఈ ఉద్యోగంలో నాకు ఒకటే నేర్పారు. అప్పు తీసుకున్న మనిషి పేరు ప్రభుత్వ దస్త్రంలో ఎలా ఉందో, ఒక్క అక్షరం తేడా లేకుండా అలాగే రాయమన్నారు. దస్త్రమే అబద్ధమైతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

జూన్ 15

విషయమంతా చెప్పకుండా, ముద్ర కలవడం లేదని మాత్రం మా అధ్యక్షురాలు సైకం ధనలక్ష్మిగారికి చెప్పాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. పోయిన నెల తిరగబడిన పడవలో పోయిన ఇద్దరిలో ఒకరు ఆవిడ తోడికోడలు.

"దీనికింత తర్జనభర్జన ఎందుకమ్మా? పత్రం లీల పేరు మీద తిరగరాయి. దాని ముద్ర వేయించు. ఎక్కిపోద్ది."

"యంత్రం తీసుకున్నది, రసీదు మీద సంతకం పెట్టింది నాంచారక్క అండీ. లీల కాదు."

"ఎక్కుద్దా ఎక్కదా?"

"ఎక్కుద్దండీ. కానీ రేపు తగాదా వస్తే నిలబడదు."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. అయిదేళ్ల కిందటి సంగతి మా ఇద్దరికీ గుర్తొచ్చిందని తెలుసు. ఉత్తరపు వరుసలో వలల మిత్రబృందానికి నేనే పత్రం రాశాను. పెద్దమనిషి ఇంటిపేరు ఊళ్లో పిలిచేలా రాశాను, కార్డులో ఉన్నట్టు రాయలేదు. కచేరీ తీసుకుంది. అందరం స్వీట్లు తిన్నాం. రెండేళ్లకు తగాదా వచ్చినప్పుడు అసలు పేరుతో వెతికితే మా పత్రం కనబడలేదు. కనబడనిది లేనట్టే అన్నారు. పదిహేను కుటుంబాల వలలు లారీలకెత్తారు. వాళ్లలో తొమ్మిది కుటుంబాలు ఇప్పుడు ఎక్కడున్నాయో కూడా తెలియదు.

"పత్రం తిరిగొస్తే మళ్లీ పంపొచ్చండీ. తప్పుది ఎక్కితే తప్పని మనకి తెలిసేసరికి అయిపోద్ది," అన్నాను.

"ఇంకా ఏడు రోజులుంది. ఏం చేస్తావో చెయ్యి," అని లేచిపోయింది.

జూన్ 17

నాంచారక్క ఒప్పుకున్నాకే పునరావాస అధికారికి ఫోన్ కలిపాను. ఆవిడ నా పక్కనే కూర్చుంది. అధికారి పేరు కౌతా శ్రీహరి. గొంతులో అలసట. నేను చెప్పేదంతా అడ్డు రాకుండా విన్నాడు.

"ఆమె పక్కనే ఉన్నారా?"

"ఉన్నారండీ."

"అమ్మా, మీరే మాట్లాడండి. మీరు తమ్ము చిన నాంచారమ్మేనా?"

నాంచారక్క ఫోన్ వైపు వంగి, మళ్లీ వెనక్కి జరిగింది. ఇరవై రెండేళ్లలో ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. రెండోసారి అడిగితే, "ఆ. నేనే," అంది.

ఆయన చెప్పింది ఇది. బతికున్నట్టు ఆవిడ ప్రకటన ఇవ్వాలి. అక్క చనిపోయినట్టు ఆమె రక్తసంబంధీకుల్లో వయసొచ్చినవారు వాంగ్మూలం సంతకం చేయాలి. ఆ రెండూ అందితే దస్త్రం సరిదిద్దుతాడు. ఇల్లు పెద నాంచారమ్మ పేరున ఉంది కాబట్టి వారసురాలిగా లీలకు పోతుంది. ఇక తప్పుడు పేరుతో ఇన్నేళ్లు రేషను తీసుకున్నందుకు శిక్ష తప్పదు. తొంభై రోజులు గట్టు పని, అంటే తూర్పు గట్టుకు మట్టి మోయడం.

"ఇంకో దారి లేదాండీ?" అన్నాను.

"నా చేతిలో ఉన్నది ఇదే. కాగితాలు వచ్చేదాకా నేనేమీ విననట్టే. చాలామంది ఆ వంతెన మీద ఇలాగే చెప్పారమ్మా. వచ్చి ఒప్పుకున్నవాళ్లు తక్కువ." మళ్లీ ఆయనే, "రక్తసంబంధీకులు ఎవరున్నారు?" అన్నాడు.

నాంచారక్క ఫోన్ వైపు చూస్తూ, "కూతురు," అంది.

జూన్ 18

మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. ఇంట్లో చెప్పలేక నా గదికి తీసుకొచ్చింది. లీల నర్సు దుస్తుల్లోనే ఉంది. యంత్రం పనేదో అనుకుని వచ్చింది. నాంచారక్క నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

లీల వెంటనే ఏడవలేదు. బల్ల మీద నా కాగితాలు సర్దింది. ఆసుపత్రిలో చేసే పనిలా అంచులు కలిపి పెట్టింది.

"మరి నా పుట్టినరోజు?" అంది.

"అది నిజవే. నువ్వు పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నా."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పబుద్ధి కాలేదా?"

"చెబితే నిన్ను తీసుకుపోతారని."

"చిన్నప్పుడు సరే. నేను పెద్దయ్యాక?"

"పెద్దయ్యాక నువ్వే పోతావని."

లీల లేచింది. గుమ్మం దగ్గర ఆగి నన్ను అడిగింది. "ఎస్తేరత్తా, నేను సంతకం పెట్టకపోతే ఏమవుద్ది?"

"యంత్రం పోద్ది. మీ అమ్మకి శిక్ష ఉండదు," అన్నాను. దాచడానికి ఏముంది?

"మా అమ్మకి," అని, తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

నాంచారక్క చీకటిపడే ముందు దాకా నా మెట్ల మీదే కూర్చుంది.

జూన్ 19

నేను తలుపు తీసేసరికే లీల వచ్చి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తెల్లవారుజామునుంచీ పడమటి వరుస కుళాయి దగ్గర నిలబడి వచ్చానంది. తాత్కాలికంగా నడుపుతున్న కొత్త యంత్రం ముందు జనం బిందెలతో నించున్నారట. ఒక పిల్లవాడి తల్లి దోసిలితో కొన్ని నీళ్లు తాగి, మిగిలినవి వాడి ముఖానికి రాసిందట.

"కాగితం ఇవ్వత్తా."

వాంగ్మూలంలో మొదటి గడి 'మృతురాలి పేరు'. కొక్కిలిగడ్డ పెద నాంచారమ్మ. రెండో గడి 'సంబంధం'. కూతురు అని రాసింది. తరువాత ప్రకటన మీద సాక్షి సంతకం. అక్కడ 'ప్రకటన ఇచ్చిన వ్యక్తితో సాక్షికి గల సంబంధం' అని ఉంది. అక్కడా కూతురు అని రాయబోయింది.

"అట్టా రాస్తే తిరిగొస్తదమ్మా. ఇద్దరికీ కూతురంటే సరిచూపు ఒప్పుకోదు. అక్క కూతురు అని రాయాలి."

కలానికి మూత పెట్టి, మళ్లీ తీసింది. ఇన్నేళ్లుగా ఎంతోమందికి సరైన అక్షరం చెప్పాను. అది చెప్పినందుకు సిగ్గుపడటం ఇదే మొదలు.

"కాగితంలోనే కదా," అని రాసేసింది.

జూన్ 20

సిగ్నలు లేదు. గాలి.

జూన్ 21

అరగంట వచ్చింది. ప్రకటన, వాంగ్మూలం అధికారికి చేరాయి. దస్త్రం మారకుండా మా పత్రం పంపితే మళ్లీ తిరిగొస్తుంది. పంపకుండా కూర్చున్నాను. ధనలక్ష్మిగారికి ఈసారి అంతా చెప్పాను. ఆవిడ విని, ఇంటికి వెళ్లి, సంఘం సోలారు బ్యాటరీలన్నీ మోయించుకొచ్చి టవరు గదిలో పెట్టించింది. "రేపు రెండు గంటలు కాదు, పొద్దుగూకేదాకా నడవాలి," అంది.

జూన్ 22

ఎనిమిది నలభైకి శ్రీహరిగారి నుంచి రెండు ముక్కలు వచ్చాయి: 'దస్త్రం సరిచేయబడింది.'

పత్రం మొదటినుంచీ మళ్లీ చదివాను. యంత్రం సంఖ్య ధనలక్ష్మిగారు బిగ్గరగా చదివింది, నేను వేలు పెట్టి చూసుకున్నాను. పేరు గడిలో తమ్ము చిన నాంచారమ్మ అని ఒక్కో అక్షరం నొక్కాను. 'తమ్ము'లో ఒత్తు మూడుసార్లు చూశాను. ఆవిడ వేలు నానబెట్టి, నూనె రాసి, ముద్ర వేసింది.

తొమ్మిది పదికి పంపాను. పది, పదకొండు, పన్నెండు. రోజూ సిగ్నలు పోయే వేళ దాటినా బ్యాటరీల మీద టవరు నడుస్తూనే ఉంది. గదిలో ఆరుగురం ఉన్నాం. లీల ఒక మూల, నాంచారక్క ఇంకో మూల.

రెండుంపావుకి వచ్చింది. 'దాఖలైనది.' కింద సంఖ్య, తేదీ, వేళ.

ధనలక్ష్మిగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. నాంచారక్క దగ్గరకు వచ్చి తెర మీద తన పేరు చూసింది. చదవడం వచ్చినా నన్ను చదవమంది. చదివాను.

జూన్ 23

మేత కంపెనీ మనిషి ఇద్దరు పనివాళ్లతో, పానాలతో పడవ దిగాడు. రసీదు చూపించాను. తన దగ్గరున్న పరికరంలో సరిచేసిన పేరుతో వెతికాడు. మా పత్రం వెంటనే కనబడింది. "బాకీ బాకీయేనండీ, అది ఉంటుంది," అన్నాడు. ఉంటుందన్నాను. యంత్రం ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

నాంచారక్క అదే పడవలో గట్టు పనికి వెళ్లింది. లీల రేవుకు రాలేదు.

జూలై 9

సరిచేసిన రుణపత్రం అసలు ప్రతి మీద నాంచారక్క ముద్ర కావాలి. దాని కోసం తూర్పు గట్టుకు వెళ్లాను. పడవలో లీల కూడా ఎక్కింది. చేతిలో అన్నం డబ్బా. దారంతా దాన్ని ఒళ్లోంచి దించలేదు.

గట్టు మీద ఎనభైమంది దాకా మట్టి మోస్తున్నారు. ఆవిడ బాగా నల్లబడింది, చిక్కింది. లీలను చూసి తట్ట దించి, ఎక్కడికి రావాలో తెలియనట్టు అక్కడే నిలబడింది. లీలే వెళ్లి చేతులు కడిగించింది. అరచేతుల్లో బొబ్బలు చూసి సంచిలోంచి మందు తీసింది. కట్టు కడుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఆవిడ ఎట్టా ఉండేది?"

"ఎవరు?"

"మా అమ్మ. మీ అక్క."

నాంచారక్క పెదవులు కదిలాయి. "మా అక్క," అంది. అని ఆగి, ఇంకోసారి అంది. ఇన్నేళ్లూ ఆ మనిషి పేరుతో బతుకుతూ, ఆ మనిషి గురించి ఒక్క మాట ఎవరితోనూ అనలేకపోయింది. పోయిందని ఏడవడానికి కూడా లేకపోయింది.

"మా అక్కకి ఈత రాదు. వేటగాళ్ల ఇంట్లో పుట్టి ఈత రాదని అందరూ నవ్వేవోళ్లు. పీతలంటే భయం. నేను పట్టుకొస్తే మంచమెక్కి కూర్చునేది. గొంతు మాత్రం... ఒడ్డున నిలబడి పిలిస్తే నడి కాలవలో పడవ ఆగాల్సిందే. నువ్వు పుట్టినప్పుడు నొప్పులకి ఏడవలేదు. నన్ను తిట్టింది. ఎంత తిట్టిందో..." ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పుకుపోయింది.

లీల అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఆవిడ ముద్ద నోట్లో ఉండగానే మాట్లాడుతోంది.

మేస్త్రీ పనికి లేవమని కేక వేశాడు. ఆవిడ వినిపించుకోలేదు. మళ్లీ పిలవడానికి దగ్గరకు వచ్చి, కొంచెంసేపు నిలబడి విని, అవతలి జట్టు వైపు వెళ్లిపోయాడు. నా ఒళ్లో పత్రం, సిరా పెట్టె అలాగే ఉన్నాయి. తిరుగు పడవ హారను కొట్టింది. సాయంత్రం ఇంకోటి ఉందిలే అనుకుని నేనూ కూర్చున్నాను. నాంచారక్క అప్పటికి అక్క పెళ్లి దాకా వచ్చింది.